గోపురం లేని ఆకాశం

నా ఉద్యోగమంతా చిరునామాలు చదవడంతోనే గడిచింది. ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా చేశాను. విశాఖపట్నం, విజయవాడల మధ్య రాత్రి రైలు మెయిల్ వ్యాన్‌లో నిలబడి, సంచి విప్పి, కట్ట విప్పి, ఊరి పేరు చూసి గడిలో పడెయ్యడం మా పని. బొమ్మ కార్డు వచ్చినా మాకు కావలసింది వెనకవైపే. ముందు ఏ కోట ఉందో, ఏ గుడి ఉందో చూసే తీరిక ఉండేది కాదు.

1983 వేసవిలో ఒక రాత్రి తణుకు వైపు వెళ్ళే కార్డొకటి నా చేతిలో తిరగబడింది. విశాలమైన రాతి మైదానం, చివర గుమ్మటాల చర్చి, ముందు ఎర్రిటుకల బురుజు ఒకటి ఒంటరిగా, తాటిచెట్టంత నిటారుగా. కింద చిన్న అక్షరాల్లో వెనీస్ అని ఉంది. అర నిమిషం చూశానేమో. నిడదవోలులో ఆ సంచి దింపాలి. కార్డు గడిలో పడింది, గడి సంచిలో పడింది, సంచి ప్లాట్‌ఫారం మీద పడింది.

తర్వాత రెండేళ్ళకి ఏదో పని మీద హైదరాబాదు వెళ్ళాను. ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒకాయన దగ్గర బూట్ల అట్టపెట్టె నిండా పాత కార్డులు కనిపించాయి. వేళ్ళతో దొర్లిస్తూ పోతుంటే అదే మైదానం వచ్చింది. అదే చర్చి, అవే గుమ్మటాలు. బురుజు మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట నేల మీద బల్లలతో కట్టిన దడి, పైన ఖాళీ ఆకాశం. వెనక్కి తిప్పాను, అలవాటు కొద్దీ. పోస్టు ముద్రలో సంవత్సరం స్పష్టంగా ఉంది: 1906. రెండు రూపాయలిచ్చి కొన్నాను.

నాకున్న సంగ్రహంలో అది మొదటి కార్డు. ఆ రోజే అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి, మర్నాడు తెరిచాక రమ్మంటే మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఎన్‌సైక్లోపీడియాలో వెనీస్ తీసి చదివాను. 1983లో నేను చూసిన బురుజూ నిజమే, 1906 నాటి ఈ ఖాళీ కూడా నిజమే. సెయింట్ మార్క్ చర్చి గంటల బురుజు 1902 జూలై 14న, సోమవారం ఉదయం పది కావడానికి కాసేపు ముందు, ఉన్నచోటనే కూలిపోయింది. ఎత్తు 99 మీటర్లకి దగ్గర దగ్గరగా ఉండేది. ముందు కొన్ని రోజులుగా గోడలో బీట పెరుగుతూ వస్తుంటే జనాన్ని దూరంగా పంపించారు. అంత ఇటుక గుట్ట నగరం నడిబొడ్డున పడినా ఒక్క మనిషి చనిపోలేదు. కాపలాదారు పెంచుకుంటున్న పిల్లి ఒకటి పోయింది. అయిదు గంటల్లో ఒక్కటే పగలకుండా దొరికింది. నగరపాలకులు ఆ సాయంత్రమే తేల్చేశారు, ఎక్కడుందో అక్కడే, ఎలా ఉందో అలాగే మళ్ళీ కట్టాలని. కట్టారు. 1912 ఏప్రిల్ 25న, సెయింట్ మార్క్ పండుగ రోజున, కొత్త బురుజు తెరిచారు. తణుకు వెళ్ళిన కార్డులో ఉన్నది ఆ రెండోదన్నమాట.

నడుమ ఆ పదేళ్ళూ వెనీస్‌లో కార్డుల వ్యాపారం ఆగలేదు. బురుజు కూలుతున్న క్షణాన్నే ఫోటో తీసినట్టు చూపే కార్డులు వేలల్లో అమ్ముడయ్యాయి. అది ఫోటో కాదు. పాత బొమ్మ మీద దుమ్ము, బీటలు అతికి చేసిన మాయ. నా దగ్గరా ఒకటుంది. కానీ నాకు దాని మీద మమకారం లేదు. నాకు ప్రాణమైంది ఆ ఖాళీ ఆకాశం కార్డే. ఎవరో ఫోటోగ్రాఫరు మూడుకాళ్ళ స్టాండు మోసుకొచ్చి, ఆ చోట ఏమీ లేదని తెలిసి కూడా, లేనిదాన్నే తీశాడు. ఎవరో అచ్చు వేశారు. ఎవరో కొని, బిళ్ళ అంటించి పోస్టులో వేశారు. అందువల్ల ఆ పదేళ్ళలో ఆ నేల ఎలా ఉందో ఇవాళ నాకు తెలుస్తోంది.

మన వాళ్ళు పిక్చర్ కార్డుని పెద్దగా పట్టించుకోలేదు గానీ, కార్డు ముక్క మన బతుకులో కలిసిపోయింది. 'చేరగానే ఓ కార్డు ముక్క రాయి' అనకుండా ఎవర్నీ రైలెక్కించేవాళ్ళు కాదు. దాన్ని మొదట అచ్చేసింది ఆస్ట్రియా-హంగరీ తపాలా శాఖ, 1869 అక్టోబరు 1న. ఎమాన్యుయెల్ హెర్మన్ అనే ఆర్థికశాస్త్ర పంతులు ఆ ఏడాది మొదట్లో ఒక పత్రికలో లెక్కేసి చూపించాడు. రెండు మాటల కబురుకి కాగితం, కవరు, లక్క, పూర్తి తపాలా చార్జీ ఎందుకు, అట్టముక్క చాలదా అని. ఏడాదిలో ఇంగ్లండు అందుకుంది. మన దేశంలో 1879 జూలై 1న పావు అణాకి, అంటే మూడు దమ్మిడీలకి, కార్డు వచ్చింది. అవన్నీ ఉత్త అట్టలు. బొమ్మ తర్వాత ఎక్కింది. 1889 పారిస్ ప్రదర్శనలో ఈఫిల్ టవర్ చెక్కుబొమ్మ ఉన్న కార్డుని టవర్ మీదే అమ్మారు. ఎక్కినవాళ్ళు అక్కడి నుంచే ఇంటికి రాశారు. కట్టడం మీద నిలబడి ఆ కట్టడాన్నే ఊరికి పంపించడంలోని రుచి జనానికి అక్కడే తెలిసింది.

ఆ తర్వాత అదొక జ్వరంలా పాకింది. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఒక్క అమెరికాలోనే 67 కోట్ల 77 లక్షల కార్డులు పోస్టులో పడ్డాయి. ఆ దేశ జనాభా అప్పటికి తొమ్మిది కోట్లకి కాస్త తక్కువ. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది సార్టర్ల చేతులు. ప్రతి కార్డునీ ఎవరో ఒకరు కిరోసిన్ దీపం కిందో, గ్యాసు దీపం కిందో చదివి గడిలో వేసే ఉంటారు.

పాత కార్డు వయసు చెప్పడానికి మా వృత్తివాడికి బొమ్మ అక్కర్లేదు. వెనక భాగమంతా చిరునామాకే వదిలి, కబురంతా బొమ్మ పక్కన తెల్లటి అంచులో ఇరికించి రాశారంటే అది బాగా పాతది. అప్పట్లో వెనక చిరునామా తప్ప ఏం రాసినా ఒప్పుకునేవారు కాదు. నడిమధ్య నిలువు గీత గీసి, ఎడమ కబురు, కుడి చిరునామా అన్నది ఇంగ్లండులో 1902లో, అమెరికాలో 1907లో వచ్చింది. ఆ గీత వచ్చాకే బొమ్మ కార్డు నిండా పరుచుకుంది. గోపురాలకి అంచులు దొరికాయి. బిళ్ళల కోసం కార్డుని నీళ్ళలో నానబెట్టి బిళ్ళ ఊడదీసుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. బిళ్ళతో పాటు సగం ముద్ర పోతుంది, ముద్రతో తేదీ పోతుంది. తేదీ లేని కార్డు ఆ గోపురం ఎప్పుడు అలా ఉందో చెప్పలేదు. సాక్షి బోనెక్కి నోరు పెగలనట్టు నిలబడిపోతుంది.

గుళ్ళూ చర్చిలూ మసీదులే ఎందుకంత ఎక్కువ అని చాలామంది అడుగుతారు. ఏ ఊళ్ళోనైనా ఫోటోగ్రాఫరు మొదట తీసేది దూరానికి కనిపించేదాన్ని. ఊరికి వచ్చిన మనిషి ఇంటికి పంపాలనుకునేదీ దాన్నే. రైలు స్టేషను, గడియార స్తంభం, దేవుడి ఇల్లు. ఇవి లేని ఊరి కార్డు నా దగ్గర ఒక్కటీ లేదు.

మన దేశపు కట్టడాల పాత కార్డుల్లో చాలావాటి వెనక అడుగున సన్నటి అక్షరాలు ఉంటాయి: జర్మనీలో అచ్చయింది, లేదా సాక్సనీలో అచ్చయింది అని. మద్రాసులో హిగిన్‌బాథమ్స్, స్పెన్సర్ లాంటి కంపెనీలు కార్డులు అమ్మేవి. మొదటి ప్రపంచ యుద్ధం ముందు ఆ రంగుల అచ్చు పనిలో జర్మన్లని మించినవాళ్ళు లేరు. ఇక్కడ తీసిన ఫోటో ఓడెక్కి వెళ్ళేది. అక్కడ గాజు పలక మీద జెలటిన్ పూత పూసి, వెలుతురు పట్టించి, ఆ పలక నుంచి అచ్చు తీసేవాళ్ళు. రంగులు వేసేవాళ్ళు మన గుడిని ఎన్నడూ చూసినవాళ్ళు కారు. నా దగ్గరున్న మైలాపూరు కోనేటి కార్డులో నీళ్ళు నెమలికంఠం రంగులో మెరుస్తుంటాయి, మెట్లు గులాబీ రంగు. కపాలీశ్వరుడి గుడికి ఇప్పుడున్న పెద్ద గోపురం 1906 నాటిది. నా కార్డులో అది లేదు. కాబట్టి ఆ ఫోటో అంతకు ముందుదని రంగుల్ని దాటుకుని తెలుస్తుంది. ఇక్కడి ఖాళీ ఆకాశం కూలినందువల్ల వచ్చింది కాదు, ఇంకా పుట్టనందువల్ల వచ్చింది. దాని వెనకా సాక్సనీ అనే ఉంది.

సాక్సనీ రాజధాని డ్రెస్డెన్. ఆ ఊరి కార్డు నాకు చాలా ఏళ్ళ తర్వాత బొంబాయి చోర్ బజారులో దొరికింది. ఎల్బె నది అవతలి ఒడ్డు నుంచి తీసిన పొడవాటి దృశ్యం. నడుమ ఫ్రౌయెన్‌కిర్కె అనే చర్చి, గంట బోర్లించినట్టున్న రాతి గుమ్మటంతో. ఎడమ చివర, నది మెట్టకి ఆనుకుని, చిన్న గుమ్మటం ఒకటి. ముద్ర 1911 నాటిది. కబురు జర్మన్‌లో ఉంటే ఆ భాష వచ్చిన మిత్రుడు చదివి పెట్టాడు. ప్రయాణం బాగా జరిగిందట, గొడుగు మాత్రం రైల్లో మర్చిపోయిందట, అమ్మని బెంగ పెట్టుకోవద్దని చెప్పమంది.

ఎడమ చివర ఉన్న ఆ చిన్న గుమ్మటం యూదుల ప్రార్థనామందిరం. గాట్‌ఫ్రీడ్ సెంపర్ కట్టినది, 1840లో తెరిచారు. ఆ ఊళ్ళో ప్రఖ్యాతమైన ఒపెరా భవనం కట్టినవాడూ ఆయనే. 1938 నవంబరు 9 రాత్రి నాజీలు దానికి నిప్పు పెట్టారు. ఆ రాత్రీ మర్నాడూ కలిపి జర్మనీ, ఆస్ట్రియాల్లో వెయ్యికి పైగా అలాంటి మందిరాలు తగలబడ్డాయి, పగిలిపోయాయి. రైల్లో గొడుగు మర్చిపోయిన ఆ అమ్మాయి కార్డు కొన్నప్పుడు ఆ గుమ్మటం ఊరి అందాల్లో ఒకటి. చర్చి పక్కన అదీ ఉండాలనే అచ్చువాడు అనుకున్నాడు. ఇరవై ఏడేళ్ళకి అదే ఊరు దాన్ని కాల్చింది. తర్వాత ఆరేళ్ళు దాటాక, 1945 ఫిబ్రవరిలో, విమానాల బాంబులకి ఊరంతా కాలి, ఫిబ్రవరి 15న ఆ పెద్ద గుమ్మటమూ కుప్పకూలింది. ఒక్క కార్డులో రెండు గుమ్మటాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఎండలో, నది మీద పడవలతో. నేను దాన్ని ఎక్కువసేపు చూడలేను. అలాగని ఆల్బమ్ తెరిచినప్పుడల్లా అక్కడ ఆగకుండానూ ఉండలేను.

మందిరం కాలుతుంటే దాని పైనున్న నక్షత్రాన్ని ఆల్ఫ్రెడ్ నాయ్‌గెబావర్ అనే ఫైర్‌మన్ తీసి దాచాడు. యుద్ధమయ్యాక తిరిగి ఇచ్చాడు. 2001లో అదే చోట కట్టిన కొత్త మందిరం గుమ్మం మీద ఇప్పుడు ఆ నక్షత్రమే ఉంది. చర్చి రాళ్ళ గుట్ట నలభై ఏళ్ళకి పైగా అలాగే పడి ఉంది. మళ్ళీ కట్టేటప్పుడు ఓక్ తలుపుల మీది నగిషీ ఎలా ఉండేదో సరైన ఆధారం దొరకలేదు. ఆ తలుపుల ముందు నిలబడి పెళ్ళి ఫోటోలు దిగినవాళ్ళుంటే ఇవ్వండని జనాన్ని అడిగారు. జనం ఆల్బమ్‌లకి ఆల్బమ్‌లే తెచ్చిచ్చారు. వధూవరుల భుజాల వెనక కనిపించిన చెక్కడాన్ని చూసి వడ్రంగులు తలుపులు చెక్కారు. 2005 అక్టోబరు 30న చర్చి తెరిచారు. ఇది చదివిన రోజు నేను నా ఆల్బమ్‌ని బీరువా పై అర నుంచి దించి, బట్టలో చుట్టి పెట్టెలో పెట్టాను. ఎవరికి ఎప్పుడు ఏ మూల అవసరమవుతుందో.

మాస్కో క్రీస్తు రక్షకుడి చర్చిని 1931 డిసెంబరు 5న పేల్చేసి, ఆ చోట తలపెట్టిన మహాసౌధం లేవకపోతే ఈతకొలను కట్టి, చివరికి 2000లో మళ్ళీ చర్చినే నిలబెట్టారు. నాకు ఆ చర్చి కార్డుంది, ఈతకొలను కార్డూ ఉంది. రెండూ ఒకే పేజీలో పెట్టాను.

ఇంత దూరం వాటిని వెతికినవాణ్ణి నా ఇంట్లో ఉన్నదాన్ని చాలా ఆలస్యంగా చూశాను.

మా ఇంట్లో వసారా దూలానికి వంచిన ఇనప తీగ ఒకటి వేలాడేది. వచ్చిన ఉత్తరాలు, కార్డులు చదవడం కాగానే దానికి గుచ్చేవాళ్ళం. చావు కబురు తెచ్చిన కార్డుని మాత్రం గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, చదివి అక్కడే చింపేసేవాళ్ళు. అందుకని తీగ మీద మిగిలినవన్నీ క్షేమ సమాచారాలే, పురుళ్ళూ, పరీక్షలూ, పంటలూ. మా అమ్మ పోయాక 2011లో ఇల్లు సర్దుతూ ఆ తీగ దించాను. అడుగు నుంచి మూడో వంతులో నా చేతిరాత కనిపించింది. 1987లో శ్రీకాళహస్తి నుంచి అమ్మకి రాసిన బొమ్మ కార్డు. గుడి బయట కొట్లో కొన్నాను. దర్శనం బాగా అయింది, రేపు రాత్రికి డ్యూటీలో చేరతాను, నీ మోకాళ్ళకి తైలం తెస్తున్నాను. ముందువైపు రాజగోపురం, పూర్తిగా, కలశాలతో సహా. తీగ సరిగ్గా మూడో అంతస్తులోంచి దూరింది.

ఆ కార్డు నా చేతికి వచ్చేటప్పటికి ఆ గోపురం లేదు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అప్పటికే బీటలు పెరిగి, చుట్టుపక్కల వాళ్ళని ఖాళీ చేయించారు. వెనీస్‌లో లాగానే జనం దూరంగా నిలబడి చూస్తుండగా, 494 ఏళ్ళు నిలిచినది నిమిషాల్లో గుట్టైంది. టీవీలో చూస్తున్నప్పుడు నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చూడబుద్ధి కాలేదు. పాతదాన్ని పోలిన కొత్త గోపురం కట్టి 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకం చేశారు.

ఆ నడుమ ఏడేళ్ళలో నేను రెండుసార్లు శ్రీకాళహస్తి వెళ్ళాను. రెండుసార్లూ ఆ ఖాళీ కింద నడిచాను. ఫోటో తియ్యలేదు. తియ్యాలని తోచలేదు. కొట్లవాళ్ళు పాత గోపురం పటాలే ఫ్రేములు కట్టి అమ్ముతున్నారు. వెనీస్ ఖాళీని 1906 ముద్రతో సహా దాచుకున్నవాణ్ణి, నా భాష మాట్లాడే ఊళ్ళో, మా అమ్మకి కార్డు రాసిన గుడి ముందు, ఆ ఆకాశాన్ని వదిలేసి వచ్చాను. ఆ ఏడేళ్ళ కార్డు ఆల్బమ్‌లో లేదు. దానికని ఒక పేజీ వదిలిపెట్టాను.

2019 ఏప్రిల్ 15న పారిస్ నోత్ర్ దామ్ చర్చి కప్పు కాలి, దాని సన్నటి శిఖరం విరిగిపడినప్పుడు ఈ సంగతే నన్ను పట్టుకుంది. మా చెల్లెలి కూతురు ఆ తర్వాత రెండేళ్ళకి అక్కడికి చదువుకి వెళ్ళింది. శిఖరం లేని చర్చి కార్డొకటి కొని పంపమన్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది.

"మావయ్యా, నది పక్కన కొట్లన్నీ తిరిగాను. అన్నిట్లోనూ శిఖరం ఉన్నవే. ఒకాయన్ని అడిగితే, అలాంటిది ఎవరు కొంటారమ్మా అన్నాడు."

"పోనీలే తల్లీ, దొరికినప్పుడే పంపు" అన్నాను.

1906 నాటి వెనీస్‌లో అలాంటిది అమ్ముడైంది. లేనిచోటిని కూడా ఆ ఊరివాళ్ళు కొని బంధువులకి పంపుకున్నారు. ఇప్పుడు ఫోన్లలో లక్షల ఫోటోలు ఉండి ఉంటాయి, కాదనను. కానీ ఫలానా తేదీన ఫలానా పోస్టాఫీసు దాటినట్టు ముద్ర ఉన్న ఫోటో వేరు. ఆ తేదీ నేను వేసుకున్నది కాదు, ఎవరూ తర్వాత మార్చగలిగేదీ కాదు. ముప్ఫై ఏళ్ళు ముద్రలు చూస్తూ బతికినవాడిగా చెబుతున్నాను, కాగితానికి అంతకు మించిన పుట్టినరోజు పత్రం లేదు.

2022 మార్చిలో మా ఇంటికి పారిస్ నుంచి కార్డు వచ్చింది. కొన్నది కాదు. ఆ పిల్ల తనే నది వంతెన మీద నిలబడి ఫోటో తీసి, ప్రింటు వేయించి, అట్టకి అతికి, వెనక నిలువు గీత స్కేలుతో గీసింది. ముందు రెండు చదరపు బురుజులు, వాటి వెనక సారువల అడవి, ఒక క్రేను, దాని పైన బూడిద రంగు మబ్బు. ఎడమవైపు తెలుగులో రాసింది: "ఇక్కడ చలి తగ్గింది. గంజి పెట్టుకోవడం నేర్చుకున్నాను. ముద్ర మిషన్‌లో వేస్తే అలుక్కుపోతుందని కౌంటరులో బతిమాలి చేత్తో వేయించాను."

భూతద్దం తెచ్చుకుని చూశాను. గుండ్రటి ముద్ర, నల్లటి సిరా, బిళ్ళ మీద సగం, అట్ట మీద సగం. ఊరి పేరూ తేదీ రెండూ చదవడానికి వస్తున్నాయి.